రెండోసారి తాకిన చెయ్యి

యేసుప్రభువు చేసిన స్వస్థతల్లో ఒకటి మిగతావాటికి భిన్నంగా కనిపిస్తుంది. బేత్సయిదాలో ఒక గుడ్డివాణ్ణి ప్రభువు చెయ్యి పట్టుకుని ఊరి వెలుపలికి తీసుకెళ్లాడు. అతని కళ్లమీద ఉమ్మివేసి, చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. మనుషులు కనిపిస్తున్నారు గానీ నడిచే చెట్లలా ఉన్నారని అతడు ఉన్నదున్నట్టు చెప్పాడు. ప్రభువు మరోసారి అతని కళ్లమీద చేతులుంచాడు. అప్పుడు అతనికి అన్నీ తేటగా కనిపించాయి. మార్కు సువార్త 8వ అధ్యాయంలోని ఈ సంగతి మనం ఎన్నోసార్లు చదివి ఉంటాం, కానీ దానిదగ్గర ఆగి ఆలోచించింది తక్కువ. ఒక్క మాటతో తుపానును అణచిన ప్రభువు ఇక్కడ రెండోసారి ఎందుకు తాకాడు? మొదటిసారి ఆయన శక్తి చాలలేదా? అలా అనుకోలేం. ఆ గుడ్డివాని విశ్వాసం తక్కువైందా? ఆ మాట ప్రభువే అనలేదు. సగం చూపుతో నిలబడ్డవాణ్ణి ఆయన గద్దించలేదు, విడిచి వెళ్లనూ లేదు. స్వస్థత విడతలుగా కూడా వస్తుందనీ, ఆ మధ్యకాలంలో కూడా ప్రభువు పక్కనే ఉంటాడనీ ఈ సంఘటన మనకు నేర్పుతోంది.

ఈ పాఠం పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికీ, వారి ఇంటివారికీ ఎంతో అవసరం. నిన్న సాయంత్రం దాకా పొలానికో ఆఫీసుకో వెళ్లొచ్చిన మనిషి తెల్లవారేసరికి మూతి వంకరపోయి, మాట తడబడి, ఒక చెయ్యి, ఒక కాలు కదలక మంచాన పడతాడు. దీన్నే డాక్టర్లు బ్రెయిన్ స్ట్రోక్ అంటారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే నాళం మూసుకుపోవడం గానీ చిట్లడం గానీ దీనికి కారణం. మెదడు ఎడమభాగం దెబ్బతింటే శరీరం కుడివైపు, కుడిభాగం దెబ్బతింటే ఎడమవైపు చచ్చుబడుతుంది. ఎక్కువమందికి మాటను నడిపించేది ఎడమభాగమే గనుక కుడివైపు పడిపోయినవారిలో మాట పోవడం ఎక్కువగా చూస్తాం. ఇది ఎక్కడో ఎవరికో వచ్చే జబ్బు కాదు. 25 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు స్ట్రోక్ వస్తుందని ప్రపంచ స్ట్రోక్ సంస్థ హెచ్చరిస్తోంది. మన సంఘంలో ఆదివారం ఒక బెంచీ మీద కూర్చున్నవారిని లెక్కపెట్టుకుంటే ఈ మాట బరువు తెలుస్తుంది.

స్ట్రోక్ వచ్చిన మొదటి వారం ఇల్లంతా జనంతో నిండిపోతుంది. పాస్టరుగారు వస్తారు, స్త్రీల సమాజం వస్తుంది, ఉపవాస ప్రార్థనలు జరుగుతాయి. ఆస్పత్రి నుంచి డిశ్చార్జి చేసి ఇంటికి తెచ్చిన తర్వాతే అసలు ప్రయాణం మొదలవుతుంది. అది నెలల ప్రయాణం, ఒక్కోసారి ఏళ్ల ప్రయాణం. సరిగ్గా అప్పుడే వచ్చేవాళ్లు తగ్గిపోతారు. వచ్చినవాళ్లు కూడా మంచం పక్కన నిలబడి, ‘ఇంకా లేవలేదా?’ అని అడుగుతారు. అడిగినవాళ్లకు అది పలకరింపే. విన్నవాడికి మాత్రం అది తీర్పులా వినబడుతుంది. కొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, విశ్వాసం లేకనే లేవలేకపోతున్నాడంటారు. మందులు మింగుతున్నంతకాలం దేవుణ్ణి పూర్తిగా నమ్మనట్టేనని చెప్పి, బీపీ మాత్రలు మాన్పించేవారూ ఉన్నారు. ఇది చాలా ప్రమాదం. బీపీ మాత్ర మానేయడం రెండో స్ట్రోకును ఇంటికి పిలవడంతో సమానం. మొదటిదాని నుంచి లేవగలిగినవాణ్ణి రెండోది లేవనివ్వకపోవచ్చు. బేత్సయిదా గుడ్డివాణ్ణి ప్రభువే నిందించనప్పుడు, సగం కోలుకున్న సోదరుణ్ణి నిందించే అధికారం మనకెవరిచ్చారు?

అసలు స్ట్రోక్ తర్వాత శరీరం ఎలా కోలుకుంటుందో తెలుసుకుంటే దేవుని సృష్టి ఎంత ఆశ్చర్యకరమైనదో అర్థమవుతుంది. మెదడులో చనిపోయిన కణాలు తిరిగి బతకవు. అయితే వాటి చుట్టుపక్కల బతికి ఉన్న కణాలు కొత్త దారులు వేసుకుని, పోయినవాటి పనిని కొంతవరకు తమమీద వేసుకోగలవు. వంతెన కొట్టుకుపోతే జనం చేలగట్ల మీదుగా బాట చేసుకున్నట్టన్నమాట. కానీ ఆ బాట ఒకసారి నడిస్తే పడదు. వందలసార్లు, వేలసార్లు నడవాలి. వేళ్లు ముడవడం, తెరవడం, గ్లాసు పట్టుకోవడం, మంచం మీంచి లేచి కూర్చోవడం, కూర్చున్నచోటు నుంచి నిలబడటం, ఇవన్నీ రోజూ మళ్లీమళ్లీ చేస్తేనే మెదడు నేర్చుకుంటుంది. ఫిజియోథెరపీ చేసే పని ఇదే. సాధారణంగా మొదటి మూడు నెలల్లో మెరుగుదల వేగంగా కనిపిస్తుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది, కానీ తలుపు మూసుకుపోదు. ఏడాది దాటాక కూడా సాధనతో మెరుగైనవారు ఉన్నారు. అందుకే మూడు నెలలు చూసి ఇక ఇంతేనని చేతులు దించుకోకూడదు.

అలాగని తొందరపడి ఒళ్లు హూనం చేసుకోవడం కూడా మంచిది కాదు. స్ట్రోక్ వచ్చిన 24 గంటల్లోపే రోగిని మంచం దింపి ఎక్కువసేపు నడిపిస్తే త్వరగా కోలుకుంటాడేమోనని 5 దేశాల్లో రెండు వేలమందికి పైగా రోగులతో ఒక పెద్ద అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 2015లో వెలువడ్డాయి. అలా గట్టిగా చేయించినవారికన్నా మామూలు పద్ధతిలో మెల్లగా చేయించినవారే కాస్త ఎక్కువగా కోలుకున్నారు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎంతసేపు చేయాలో డాక్టరూ ఫిజియోథెరపిస్టూ చెప్పినట్టు వినాలి. దేనికైనా సమయముందన్న ప్రసంగి మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది.

ఈ సాధన ఎంతదూరం తీసుకెళ్లగలదో చెప్పడానికి ఒక నిజమైన కుటుంబం కథ ఉంది. న్యూయార్క్‌లో పెడ్రో బాకీరీటా అనే ప్రొఫెసరు ఉండేవాడు. కవి, పండితుడు. 1950ల చివర్లో, 65 ఏళ్ల వయసులో ఆయనకు పెద్ద స్ట్రోక్ వచ్చింది. ఒకవైపు శరీరం పడిపోయింది, మాట పోయింది. కొన్ని వారాల చికిత్స తర్వాత ఇంతకుమించి ఆశ లేదన్నారు. ఆయన కొడుకుల్లో జార్జ్ అప్పుడు మెక్సికోలో వైద్యవిద్య చదువుతున్నాడు. తండ్రిని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. నడిపించే విద్య అతనికి తెలియదు గానీ పసిబిడ్డ నడక ఎలా నేర్చుకుంటాడో తెలుసు. బిడ్డ ముందు పాకుతాడు, తర్వాతే నడుస్తాడు. అందుకని తండ్రిని నేలమీద పాకించాడు. బలంలేని వైపు గోడకు ఆనించి నెలల తరబడి పాకించాడు. నేలమీద కూర్చోబెట్టి గోళీలాడించాడు. పడిపోయిన చేతితో గిన్నెలు కడిగించాడు. పెద్ద చదువులు చదివిన ముసలాయన కుక్కలా నేలమీద పాకడమేమిటని ఇరుగుపొరుగు చూసి తప్పుపట్టారు. తండ్రీకొడుకులు మానలేదు. పాకడం నుంచి మోకాళ్లమీద కదలడం, అక్కణ్ణుంచి నిలబడటం, ఆపైన నడక వచ్చాయి. కొంతకాలానికి మాటా, టైపు కొట్టడమూ వచ్చాయి. ఆయన మళ్లీ కాలేజీలో పాఠాలు చెప్పాడు. కొన్నేళ్ల తర్వాత, 72 ఏళ్ల వయసులో, కొలంబియాలో కొండలెక్కుతూ గుండెపోటుతో మరణించాడు. అప్పుడు ఆయన మెదడును పరీక్షిస్తే స్ట్రోక్ చేసిన గాయం అలాగే ఉంది. పోయినది పోయినట్టే ఉన్నా, మిగిలినదానితోనే ఆ మెదడు కొత్త దారులు వేసుకుంది. మరో కొడుకు పాల్ డాక్టరు. తండ్రి మెదడులో చూసినది అతని జీవితపు దారినే మార్చింది. దెబ్బతిన్న మెదడు తిరిగి నేర్చుకోగలదని చాటిన శాస్త్రవేత్తల్లో ఆయన ముందువరసలో నిలిచాడు.

అందరికీ అంతటి ఫలితం వస్తుందని ఈ కథ హామీ ఇవ్వదు. దెబ్బ ఎంత పెద్దదో, ఎక్కడ తగిలిందో, వయసెంతో, అన్నిటినిబట్టీ ఫలితం ఉంటుంది. ఈ కథలో మనం చూడాల్సింది ఆ పాకడం. కోలుకునేవారికి అన్నిటికన్నా కష్టమైనది కండరాల నొప్పి కాదు, సిగ్గు. నిన్నటిదాకా ఇంటిని నడిపించినవాడు ఈరోజు చొక్కా గుండీ పెట్టమని కోడల్ని అడగాలి. సండేస్కూల్లో పిల్లలకు వాక్యం నేర్పినామె ఈరోజు అ, ఆ అని నోరు తిరగక తానే పిల్లయిపోవాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నలుగురికీ కనబడటం ఇష్టంలేక ఇంట్లో తలుపు వేసుకుంటారు, మందిరానికి రావడం మానేస్తారు. చిన్నబిడ్డలవంటివారైతేనే పరలోకరాజ్యమని ప్రభువు చెప్పిన మాటను మనం ఎప్పుడూ మనసు గురించే అనుకుంటాం. కొందరి విషయంలో అది కాళ్లకూ చేతులకూ కూడా వర్తిస్తుంది. మొదటినుంచి మొదలుపెట్టడానికి ఒప్పుకోవడం ఓటమి కాదు, తగ్గింపు. దేవుడు కృప చూపేది తగ్గించుకున్నవారికే కదా!

సిరియా సేనాధిపతి నయమానుకు వచ్చిన కష్టం కూడా ఇదే. ప్రవక్త బయటికి వచ్చి, చెయ్యి ఆడించి, ఒక్కసారిగా బాగుచేస్తాడని అతడు ఊహించుకున్నాడు. యొర్దానులో ఏడుసార్లు మునగమన్నారు. అతనికి కోపమొచ్చింది. పెద్దపని చెబితే చేసేవాడివి కదా, ఈ చిన్నపని చేయలేవా అని అతని సేవకులు నచ్చచెప్పారు. అతడు మునిగాడు. మొదటి ఆరుసార్లు ఏం మారిందో లేఖనం చెప్పలేదు. ఏడోసారి తర్వాతే అతని ఒళ్లు పసిపిల్లవాని ఒళ్లులా అయిందని చెప్పింది. మూడోసారికో నాలుగోసారికో విసిగి గట్టుకెక్కి ఉంటే? రోజూ ఉదయం వేళ్లకు చేసే కసరత్తు కోలుకునేవారి యొర్దాను. ప్రార్థన చేసి కసరత్తు మానేయడం విశ్వాసం కాదు. కసరత్తును నమ్ముకుని ప్రార్థన మానేయడమూ సరికాదు. రెండు చేతులూ ఉంటేనే గదా దండం పెట్టగలం.

శరీరంతోపాటు మనసు కూడా కుంగుతుంది. స్ట్రోక్ వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుందని డాక్టర్లు చెబుతారు. జరిగిన నష్టాన్ని తలుచుకుని వచ్చే దిగులు ఒకటైతే, మెదడుకు తగిలిన దెబ్బవల్ల వచ్చే దిగులు మరొకటి. కొందరు ఉన్నట్టుండి బోరున ఏడుస్తారు, కారణం లేకుండా నవ్వుతారు. అది కూడా జబ్బులో భాగమే. దీన్ని అవిశ్వాసమని పేరుపెట్టి గద్దించకూడదు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగాడు. దేవుడు అతనికి ప్రసంగం చెప్పించలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి తట్టిలేపి రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. దూత రెండోసారి వచ్చి ముట్టి లేపి, ఇంకా చాలా దూరం నడవాలి, తినమన్నాడు. ఇక్కడ కూడా రెండోసారి తాకడమే! ఆ బలంతో ఏలీయా 40 రాత్రింబగళ్లు హోరేబుదాకా నడిచాడు. దిగులుకు మందుంది, డాక్టరున్నాడు. వెళ్లడానికి సంకోచించనక్కర్లేదు.

మాట పోయినవారి సంగతి మరీ బాధాకరం. వాళ్లకు చాలాసార్లు మనం చెప్పేది అర్థమవుతుంది, బదులు చెప్పడానికి మాట దొరకదు. మనమేమో చెవుడు వచ్చినట్టు గట్టిగా అరుస్తాం, లేదా వాళ్లు లేనట్టే వాళ్ల ముందే వాళ్ల గురించి మాట్లాడుకుంటాం. జెకర్యాకు మాట పోయినప్పుడు బిడ్డకు ఏ పేరు పెడతావని అతన్నే అడిగారు, అతడు పలక తెప్పించుకుని రాశాడు. మాట లేకపోయినా నిర్ణయం అతనిదే. ఇంకో విశేషముంది. మాట పోయిన కొందరు పాట పాడగలుగుతారు. చిన్నప్పటినుంచీ నోటికి వచ్చిన పాటలు, ప్రార్థనలు మామూలు మాటలకన్నా తేలిగ్గా పైకి వస్తాయి. అందుకే చూడటానికి వెళ్లినప్పుడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం పట్టుకెళ్లి ఆ పెద్దాయనకు బాగా తెలిసిన కీర్తన ఒకటి మెల్లగా ఎత్తుకోండి. పేరు పిలవలేని మనిషి చరణం అందుకోవచ్చు. ఆ క్షణం ఆ ఇంట్లో వెలిగే ఆశను ఏ మందూ ఇవ్వలేదు.

మరి సంఘం చేయాల్సిందేమిటి? కపెర్నహూములో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు. దారిలేకపోతే ఇంటికప్పు విప్పి దించారు. ప్రభువు వారి విశ్వాసం చూశాడని మార్కు రాశాడు. మంచంమీద ఉన్నవాడు విశ్వాసంలో ఎంత బలంగా ఉన్నాడో కొలవడం మానేసి, మంచం మోసే నలుగురిలో మనం ఉన్నామో లేదో చూసుకోవాలి. లూథియానాలోని క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు ముందుండి మనదేశంలో 14 ఆస్పత్రుల్లో 1250 మంది స్ట్రోక్ రోగులతో ఒక అధ్యయనం చేశారు. ఇంటివారికే శిక్షణ ఇచ్చి కసరత్తులు చేయిస్తే చాలుతుందా అని చూశారు. 2017లో ఫలితాలొచ్చాయి. ఆ శిక్షణవల్ల ఆరు నెలల తర్వాత రోగుల పరిస్థితిలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇంటివారి ప్రేమ ఎంతో అవసరమే గానీ భారమంతా వారి నెత్తిన పెడితే చాలదన్నమాట. శిక్షణ పొందిన థెరపిస్టు కావాలి, అతని దగ్గరికి వారం వారం తీసుకెళ్లే మనిషి కావాలి, ఆటో ఖర్చు భరించే చెయ్యి కావాలి. రాత్రింబగళ్లు సేవచేసి అలిసిపోయిన భార్యను రెండు గంటలు నిద్రపోనిచ్చి మంచం పక్కన కూర్చునే సహోదరి కావాలి. మందిరం మెట్ల పక్కన చక్రాల కుర్చీ ఎక్కే వాలుబాట కావాలి. ఆదివారం ఆరాధన తర్వాత బీపీ చూసే ఏర్పాటు సంఘంలోని నర్సులు చేయగలరు.

ప్రేమతో చేసే పనిలో కూడా కొన్ని జాగ్రత్తలున్నాయి. లేపేటప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకూడదు, భుజం కీలు జారుతుంది. డాక్టరు పరీక్షించి సరే అనేదాకా నోట్లో కొబ్బరినీళ్లో పాలో పోయకూడదు. మింగే శక్తి దెబ్బతింటే అది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా తెస్తుంది. ప్రభురాత్రి భోజనం ఇచ్చేటప్పుడు కూడా పాస్టరుగారు ఈ సంగతి ఇంటివారిని అడిగి తెలుసుకోవాలి. ఇక స్ట్రోక్ వచ్చిన గంటల్లోనే పావురం రక్తం రాయించాలనో, నాటుమందు పట్టించాలనో ఊళ్లు తిప్పితే అమూల్యమైన సమయం పోతుంది. రక్తనాళం మూసుకుపోయి వచ్చిన స్ట్రోకుకు గడ్డ కరిగించే ఇంజెక్షను సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేసి, స్కానింగ్ ఉన్న పెద్దాస్పత్రికి చేర్చాలి. ప్రార్థన దారిలో చేయొచ్చు, అంబులెన్సులోనూ ప్రభువు ఉంటాడు.

పూర్తిగా కోలుకోకపోతే? ఈ ప్రశ్నకు తప్పించుకోకుండా జవాబు చెప్పాలి. మన జిల్లాల నుంచి ఎంతోమంది రైలెక్కి వెళ్లే వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మేరీ వర్గీస్ అనే యువ డాక్టరు ఉండేది. 1954లో కారు ప్రమాదంలో ఆమె వెన్నుపాము దెబ్బతిని నడుము కిందిభాగం చచ్చుబడింది. ఆమె మళ్లీ నడవలేదు. అయితే చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. విదేశాల్లో శిక్షణ పొంది వచ్చి, కాళ్లూ చేతులూ పడిపోయినవారిని తిరిగి జీవితంలో నిలబెట్టే పునరావాస విభాగాన్ని నడిపించింది. 1966లో వెల్లూరులో అందుకోసం ప్రత్యేక కేంద్రం తెరిచారు. ప్రభుత్వం 1972లో ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. ఆమె కాళ్లు లేవలేదు, కానీ ఆమె లేవనెత్తినవారు ఎందరో! నిరీక్షణ అంటే పోయినదంతా తిరిగి వస్తుందన్న లెక్క కాదు. మిగిలినదానితో దేవుడు పని ఆపడన్న నమ్మకం.

లుద్దలో ఐనెయ అనేవాడు పక్షవాయువుతో 8 ఏళ్లు మంచంమీదే ఉన్నాడు. యేసుక్రీస్తు నిన్ను బాగుచేస్తున్నాడని పేతురు అతనికి చెప్పి, వెంటనే ఒక చిన్నపని అప్పగించాడు. లేచి నీ పడక నువ్వే సర్దుకొమ్మన్నాడు. ఊరంతా తిరిగి సాక్ష్యం చెప్పమనలేదు. ఎనిమిదేళ్లు ఇతరులు సర్దిన పడక అది. కోలుకుంటున్న ప్రియ సహోదరుడా, సహోదరీ, ఈరోజు నీ వంతు పని కూడా అంతే చిన్నదై ఉండొచ్చు. ఒక గుండీ పెట్టుకోవడం, గోడ పట్టుకుని నాలుగడుగులు వేయడం, ఒక కీర్తనలో ఒక చరణం పాడటం. నిన్న మూడడుగులైతే ఈరోజు నాలుగని ఒక పుస్తకంలో రాసుకో. ఇంకా అన్నీ చెట్లలాగే కనిపిస్తున్నాయా? ఆ మాట దాచుకోకుండా ప్రభువుకు చెప్పు. ఆయన చెయ్యి ఇంకా నీ మీదే ఉంది.